రంగు మారే చెంచా: పేటెంటు దేనికి వస్తుంది, దేనికి రాదు

సంపాదకుల వారికి,

అయ్యా,

వేడి తగిలితే రంగు మారే చెంచా, పాలు కాలుతున్నాయని చెప్పే గిన్నె, హ్యాండిల్‌లో చిన్న దీపం వెలిగే గరిటె వంటివి తయారుచేసిన విద్యార్థుల గురించి, చిన్న కంపెనీల గురించి జిల్లా పేజీల్లో వార్తలు వస్తూనే ఉంటాయి. రావాలి కూడా. కానీ ఆ వార్తల చివర తరచు కనబడే ‘దీనికి పేటెంటు కూడా లభించింది’ అన్న ఒక్క వాక్యం చాలామందిని తప్పుదారి పట్టిస్తోంది. ఆ వాక్యం వెనక ఉన్న కాగితం చాలాసార్లు పేటెంటు కాదు, దరఖాస్తు ప్రచురణ. దరఖాస్తు వేసిన 18 నెలలకు పేటెంటు కార్యాలయం దాన్ని తన జర్నల్‌లో అచ్చువేస్తుంది. ఫారం 9 వేసి రుసుము కడితే ఇంకా ముందే అచ్చవుతుంది. ఆ దశలో ఎగ్జామినర్ (దరఖాస్తును పరీక్షించే అధికారి) దాన్ని తెరిచి చూసి ఉండకపోవచ్చు. పరీక్ష కోరుతూ ఫారం 18 విడిగా వేయాలి. 2024 నియమాల ప్రకారం దానికి గడువు ప్రయారిటీ తేదీ (ఆ ఆవిష్కరణ మీద మొట్టమొదటి దరఖాస్తు వేసిన తేదీ) నుంచి 31 నెలలు. వేయకపోతే దరఖాస్తును వెనక్కి తీసుకున్నట్టే లెక్క.

ఇంకో గందరగోళం డిజైన్ రిజిస్ట్రేషన్‌తో వస్తోంది. చెంచా ఆకారానికి, దాని మీది నగిషీకి డిజైన్ల చట్టం, 2000 కింద పదేళ్లు, కోరితే మరో ఐదేళ్లు రక్షణ దొరుకుతుంది. అది కంటికి కనిపించే రూపానికే. వేడిని ఎలా చూపిస్తుందన్న సంగతికి ఆ పత్రంతో సంబంధం లేదు. బ్రిటన్‌లో నమోదు చేయించిన డిజైన్ పత్రాలను కూడా ‘అంతర్జాతీయ పేటెంటు’ అని చూపించేవాళ్లున్నారు. అక్కడి కార్యాలయం కొత్తదనాన్ని పరీక్షించకుండానే డిజైన్లను నమోదు చేస్తుంది. ఈ తేడా తయారీదారుకూ తెలిసి ఉండాలి. దరఖాస్తు మాత్రమే ఉన్న చెంచా డబ్బా మీద ‘పేటెంటెడ్’ అని అచ్చువేస్తే, లేని పేటెంటు ఉందని చెప్పుకున్నందుకు జరిమానా వేసే పేటెంటు చట్టం సెక్షన్ 120 వర్తిస్తుంది. జనవిశ్వాస్ చట్టం చేసిన సవరణ తర్వాత ఆ జరిమానా పది లక్షల రూపాయల దాకా ఉండొచ్చు, ఆ అచ్చు కొనసాగించిన ప్రతి రోజుకూ మరో వెయ్యి.

ఇక అసలు తగాదాకి వస్తాను. రంగు మారే చెంచా దరఖాస్తులు ఎందుకు అంతగా దెబ్బతింటాయి? దరఖాస్తులో ‘ఇంతవరకు నాది’ అని హక్కు కోరే వాక్యాన్ని క్లెయిము అంటారు. దరఖాస్తుదారు అందులో ఆలోచననే కోరతాడు. ఆ ఆలోచన పాతది. ‘ఆహారం తాకే భాగంలో వేడికి రంగు మారే పదార్థం కలిపిన చెంచా’ అని మొదటి క్లెయిము రాస్తే దాన్ని కొట్టివేయడానికి ఎగ్జామినర్‌కి పట్టుమని పది నిమిషాలు చాలు. వేడికి రంగు మారే పసిపిల్లల చెంచాలు, పాత్రల మీద అమెరికాలో 1990ల నాటికే పేటెంటు పత్రాలున్నాయి. అలాంటి చెంచాలు దుకాణాల్లో అమ్ముడై ఏళ్లు గడిచాయి. ప్రపంచంలో ఎక్కడ అచ్చయినా, మన దేశంలో నవ్యత పోయినట్టే. ‘మన దగ్గర ఎవరూ చేయలేదు’ అన్న మాట చట్టం ముందు నిలబడదు.

అప్పుడు దరఖాస్తుదారు రెండో మెట్టు ఎక్కుతాడు: ‘మాది 43 డిగ్రీల దగ్గర మారుతుంది, వాళ్లది 40 దగ్గర.’ ఇది నవ్యతను కాపాడొచ్చు గానీ ఇన్వెంటివ్ స్టెప్‌ని, అంటే ఆ రంగంలోని నిపుణుడికి తేలిగ్గా తట్టని ముందడుగును, కాపాడదు. కారణం ఆ రంగుపొడి లోపలి నిర్మాణంలోనే ఉంది. ఈ చెంచాల్లో ఎక్కువగా వాడే పొడిలో కొన్ని మైక్రాన్ల సైజు గుళికలుంటాయి. ఒక్కో గుళికలో మూడు పదార్థాలు: క్రిస్టల్ వయొలెట్ లాక్టోన్ వంటి రంగుద్రవ్యం, దాన్ని రంగెక్కించే బలహీనమైన ఆమ్లగుణపు డెవలపర్, వీటిని కలిపి ఉంచే మైనం లాంటి ఫ్యాటీ ఆల్కహాలు. మైనం గట్టిగా ఉన్నంతసేపు రంగుద్రవ్యం, డెవలపర్ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, రంగు కనిపిస్తుంది. మైనం కరిగితే అవి విడిపోతాయి, రంగు పోతుంది. కాబట్టి రంగు మారే వేడి అంటే ప్రధానంగా ఆ మైనం కరిగే వేడే. టెట్రాడెకనాల్ 38 డిగ్రీల దగ్గర కరుగుతుంది, హెక్సాడెకనాల్ 49 దగ్గర, ఆక్టాడెకనాల్ 58 దగ్గర. రెండింటిని కలిపి మధ్యలో ఒక అంకె తెచ్చుకోవడం ఆ వృత్తిలో ఉన్నవాళ్లకి రోజువారీ పని. సరఫరాదారు క్యాటలాగులో 31, 38, 43, 45 అని వరసగా ఉండే అంకెల్లోంచి ఒకటి ఎంచుకోవడాన్ని ఆవిష్కరణ అనలేం. ఆ అంకె దగ్గర మాత్రమే, మిగతా చోట్ల రాని, ఎవరూ ఊహించని ఫలితం ఏదైనా వచ్చిందని కొలిచి చూపిస్తే అప్పుడు మాట వేరు.

పైగా ‘43 డిగ్రీల వద్ద రంగు మారును’ అన్న మాటే అస్పష్టం. ఈ పొడులు వేడెక్కేటప్పుడు ఒక చోట, చల్లారేటప్పుడు అంతకన్నా తక్కువ చోట మారతాయి. రంగు పోవడం మొదలవడానికీ పూర్తిగా పోవడానికీ మధ్య కూడా కొన్ని డిగ్రీల ఎడం ఉంటుంది. 43 అంటే ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? మొదలా, చివరా? చెంచా ఉపరితలం వేడా, లోపలి ఆహారం వేడా? ఇవేవీ చెప్పని క్లెయిముకి సెక్షన్ 10(5) కింద స్పష్టత లేదన్న అభ్యంతరం వస్తుంది. ఒకవేళ ఎలాగో మంజూరైనా, పోటీదారు కోర్టులో ‘నా చెంచా 41 దగ్గర మొదలై 46 దగ్గర పూర్తవుతుంది, మీ 43 కాదు’ అంటాడు. ఆ క్లెయిము అతన్ని పట్టుకోలేదు.

పాత భాగాల కలయిక విషయంలో మన సుప్రీంకోర్టు చెప్పిన మొదటి పెద్ద తీర్పు వంటపాత్రల గురించే కావడం ఈ సందర్భానికి బాగా అమరింది. బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్, హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ మధ్య 1978 డిసెంబరు 13న వచ్చిన తీర్పు అది. లేతు మీద పాత్రను కదలకుండా పట్టి ఉంచి మెరుగుపెట్టే అమరిక మీద 1951 నాటి పేటెంటు. కోర్టు దాన్ని రద్దు చేసింది. తెలిసిన భాగాలను పక్కపక్కన పెట్టడం, వర్క్‌షాపులో నేర్పున్న పనివాడు చేసే చిన్న మెరుగుదల ఆవిష్కరణ కాదని, ఆ భాగాల కలయిక వల్ల కొత్త ఫలితమో, కొత్త వస్తువో, మునుపటికన్నా మెరుగైన లేదా చవకైన వస్తువో రావాలని చెప్పింది. ఈ రోజుకీ ఎగ్జామినర్ల నివేదికల్లో, ప్రత్యర్థుల వాదనల్లో ఈ తీర్పు కనబడుతుంది. అమెరికాలో 2007 నాటి కేఎస్‌ఆర్, టెలిఫ్లెక్స్ తీర్పు సరిగ్గా ఇలాంటి ప్రశ్నకే జవాబు. కారు పెడల్‌కి ఎలక్ట్రానిక్ సెన్సర్ తగిలించిన క్లెయిము అది. పెడల్ పాతది, సెన్సర్ పాతది, తగిలిస్తే ఏం జరుగుతుందో ముందే తెలుసు, కాబట్టి పేటెంటుకు తగదన్నారు. పెడల్ స్థానంలో చెంచాని పెట్టి చదివితే బ్యాటరీతో దీపం వెలిగి వేడిని చెప్పే చెంచాల దరఖాస్తులకు ఏం జరుగుతుందో అర్థమవుతుంది.

మన చట్టంలో అలాంటి చెంచాలకు ఇంకో ముల్లు ఉంది. సెక్షన్ 3(ఎఫ్). ఎవరి పని వాళ్లు తెలిసిన పద్ధతిలో చేసుకుపోయే తెలిసిన పరికరాలను కేవలం ఒకచోట అమర్చితే అది ఆవిష్కరణే కాదంటుంది. చెంచా తీస్తుంది, థర్మిస్టర్ అనే సెన్సర్ వేడిని కొలుస్తుంది, ఎల్‌ఈడీ వెలుగుతుంది. ఒకదాని వల్ల ఇంకొకటి మెరుగుపడలేదు. రంగుపొడి కలిపిన ప్లాస్టిక్‌ని మిశ్రమంగా క్లెయిము చేసేవాళ్లకి సెక్షన్ 3(ఇ) ఎదురవుతుంది. మిశ్రమం గుణాలు దానిలోని పదార్థాల గుణాల మొత్తమే అయితే అది కూడా చెల్లదు. మిశ్రమంగా కాకుండా నిర్మాణమున్న వస్తువుగా క్లెయిము రాస్తే ఈ రెండో ముల్లు చాలావరకు తప్పుతుంది.

మరి ఏమీ మిగల్లేదా? చాలా మిగిలింది. అది ఆలోచనలో కాదు, చెంచా పనిచేయని చోట మిగిలింది.

ఒక చెంచా తీసుకుని జావలో ముంచి చూడండి. ముందు రంగు మారేది ఆహారం తగిలిన లోపలి ముఖం. దాన్ని ఆహారమే కప్పేసి ఉంటుంది. కళ్లకి కనిపించేది చెంచా అడుగు, అంచు. పొడి బువ్వను చెంచా కొనతో తీస్తే అడుగుభాగానికి ఆహారం తగలదు, వేడి ప్లాస్టిక్ గుండా అవతలికి రావాలి. ఈ చెంచాలకు వాడే పాలిప్రొపిలీన్ ప్లాస్టిక్‌లో వేడి పాకే వేగాన్ని బట్టి లెక్కవేస్తే, ఒక మిల్లీమీటరు మందం దాటడానికి సుమారు 10 సెకన్లు, రెండు మిల్లీమీటర్లకు సుమారు 40 సెకన్లు. మందం రెట్టింపయితే సమయం నాలుగింతలవుతుంది. అమ్మ చేతిలోంచి బిడ్డ నోటికి ముద్ద చేరడానికి మూడు సెకన్లు కూడా పట్టదు. 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్నే ఐదారు సెకన్లలో కాల్చేస్తాయి, పసిబిడ్డ నోటి సంగతి చెప్పనక్కర్లేదు. అంటే మామూలు మందపు చెంచా సరిగ్గా అవసరమైన వేళకి మౌనంగా ఉంటుంది.

రెండోది, చెంచా తానే వేడిని తాగేస్తుంది. మూడు గ్రాముల ప్లాస్టిక్ చెంచా తల, 30 డిగ్రీల దగ్గరుంది అనుకుందాం. అందులోకి 60 డిగ్రీల జావ ఐదు గ్రాములు వస్తే, రెండూ సర్దుకునేసరికి దాదాపు 54 దగ్గర ఆగుతాయి. కానీ గట్టిగా ఉడికిన రాగి సంకటి, మెత్తని ఇడ్లీ ముక్క ఆ విధంగా సర్దుకోవు. చెంచాకి ఆనిన పొర చల్లబడుతుంది, ముద్ద నడుమ మాత్రం కాలుతూనే ఉంటుంది. రంగు ‘పరవాలేదు’ అంటుంది, నాలుక కాలుతుంది. నీళ్లలో ముంచి చేసిన పరీక్షలన్నీ బాగా వచ్చి, ఇంట్లో చెంచా పనిచేయకపోవడానికి ఇదే కారణం.

ఈ రెండు లోపాల్లో ఏ ఒక్కదానికి నిర్మాణంతో జవాబు చెప్పినా పేటెంటు వాదనకి గట్టి నేల దొరుకుతుంది. ఉదాహరణకి ఉక్కు చెంచా గిన్నె (ఆహారం నిలిచే గుంత) నుంచి సన్నని లోహపు నాలుక ఒకటి మెడ దాకా వచ్చి, ఆహారం ఎప్పుడూ కప్పని చోట ఉన్న రంగు కిటికీకి వేడిని చేర్చే అమరిక. ఇక్కడ లోహం, కిటికీ, మెడ కొలత ఒకదానికొకటి పనిచేస్తాయి. లోహం ఎంత సన్నమైతే అంత తక్కువ వేడి తాగుతుంది, మరీ సన్నమైతే కిటికీకి వేడి చేరదు. నడుమ ఎక్కడ మంచి ఫలితం వస్తుందో అంకెల్లో చూపిస్తే సెక్షన్ 3(ఎఫ్) అభ్యంతరానికి సూటి జవాబు అదే. ఇలాగే అంచు దగ్గర మాత్రం గోడను 0.6 మి.మీ.కి పలచబరచి, వెనక పక్కటెముకలతో బలమిచ్చి, రంగుపొరను ఆ పలచని చోటే పెట్టడం. ఇవి నమూనాలే. వీటిలో ఏది ఇప్పటికే ఎవరైనా చేశారో వెతికి చూసుకోకుండా దరఖాస్తు వేయకూడదు.

ఇక్కడొక మాట చెప్పాలనిపిస్తోంది. మన ఇళ్లలో ఉగ్గుగిన్నె వెండిది. వెండి స్టెయిన్‌లెస్ స్టీలు కన్నా పాతిక రెట్లకు పైగా చురుగ్గా వేడిని మోస్తుంది కాబట్టి, గిన్నె పట్టుకున్న వేళ్లకే పాల వేడి తెలిసిపోతుంది. వేడిని చేతికి చెప్పే పసిపిల్లల పాత్ర అంటూ ఎవరైనా వెండి గిన్నె మీద దరఖాస్తు వేస్తే సెక్షన్ 3(పి) ఉంది. సంప్రదాయంగా తెలిసిన వస్తువుల తెలిసిన గుణాలను ఆవిష్కరణగా గుర్తించరు. ఉగ్గుగిన్నె చేసే పనిని ప్లాస్టిక్ చెంచా ఇంకా పూర్తిగా చేయలేకపోతోందని నా అభిప్రాయం.

క్లెయిము రాసేటప్పుడు జరిగే నష్టం గురించి కాస్త వివరంగా చెప్పాలి. చాలామంది మొదటి క్లెయిమును నేల విడిచి సాము చేసినట్టు రాసి, స్పెసిఫికేషన్‌లో (ఆవిష్కరణను వివరించే పత్రంలో) కొలతలేవీ ఇవ్వరు. తర్వాత ఎగ్జామినర్ పాత పత్రాలు చూపిస్తే క్లెయిమును కుదించుకోవాలి. సెక్షన్ 59 కుదించుకోనిస్తుంది, కానీ మొదట వేసిన స్పెసిఫికేషన్‌లో లేని విషయాన్ని కొత్తగా చేర్చనివ్వదు. గోడ మందం 0.6 మి.మీ. అని మొదట రాయలేదు కాబట్టి ఇప్పుడు రాయడానికి వీల్లేదు. అక్కడితో దరఖాస్తు ముగుస్తుంది. కాబట్టి ప్రతి కొలతకూ ఒక విశాలమైన పరిధి, దాని లోపల ఇంకో ఇరుకు పరిధి, దాని లోపల వాస్తవంగా చేసి చూసిన అంకె మూడూ మొదటి రోజే రాసి ఉంచాలి. మందం 0.4 నుంచి 1.0, మేలైనది 0.5 నుంచి 0.8, చేసింది 0.6. రంగుపొడి శాతం, ప్లాస్టిక్ గ్రేడు, అచ్చు వేడి, రంగు ఎక్కే దిగే అంకెలు అన్నిటికీ ఇదే పద్ధతి. ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేస్తే 12 నెలల్లో కంప్లీట్ (పూర్తి) దరఖాస్తు వేయాలన్నది అందరికీ తెలుసు. ప్రొవిజనల్‌లో లేని కొలతకి ఆ పాత తేదీ దక్కదన్నది చాలామంది మరిచిపోతారు. ఆ నడుమ కాలంలో పోటీదారు ఏదైనా బయటపెడితే అది మనకే అడ్డం తిరుగుతుంది.

రంగుపొడిని వ్యాపార నామంతో మాత్రమే రాయడం ఇంకో పొరపాటు. సరఫరాదారు రేపు లోపలి మైనాన్ని మార్చి అదే పేరుతో అమ్మొచ్చు. అప్పుడు స్పెసిఫికేషన్ చదివి ఎవరూ ఆ చెంచాను తయారు చేయలేరు. సెక్షన్ 10(4) కోరే పూర్తి వివరణ లేదన్న అభ్యంతరానికి అది చాలు. గుళిక పరిమాణం, మైనం రకం, పొర పదార్థం సరఫరాదారు నుంచి రాతపూర్వకంగా తెచ్చుకుని రాయాలి.

కొలతల పట్టిక ఎలా ఉండాలి? ముందుగా అతి దగ్గరి పాత చెంచాను మార్కెట్లో కొని, బిల్లు దాచాలి. కొత్త చెంచా, పాత చెంచా పదేసి తీసుకుని, ఒకే రోజు, ఒకే గదిలో, ఒకే ఆహారంతో పరీక్షించాలి. ఒకటి నీళ్లు, ఇంకొకటి పాలు, మూడోది రాగి జావ, నాలుగోది పప్పన్నం. చెంచా గిన్నె లోపల, అడుగున, ఆహారం నడుమ వేడిని కొలిచే సన్నని థర్మోకపుల్ తీగలు మూడు. వేడి 38 నుంచి 60 దాకా రెండు డిగ్రీలకొకసారి. రంగు మారిందని కంటితో చెప్పకుండా రంగు కొలిచే పరికరంతో ముందూ తర్వాతా కొలవాలి. ముంచిన క్షణం నుంచి రంగు మారినదాకా సెకన్లు రాయాలి. తర్వాత అవే చెంచాలను సబ్బునీటిలో వంద సార్లు కడిగి, కొన్నిటిని ఎండలో ఉంచి మళ్లీ కొలవాలి. ఎండలోని అతినీల కిరణాలు ఈ రంగుల్ని వెలిసిపోయేలా చేస్తాయి, చాలా చెంచాలు ఓడేది అక్కడే. పది చెంచాల సగటుతో పాటు కనిష్ఠం, గరిష్ఠం రాయాలి. సగటు బాగున్నా పదిలో రెండు ఆలస్యంగా స్పందిస్తే ఆ సంగతి దాచకూడదు. ప్రత్యర్థి అవే చెంచాలు కొని కొలిచి అఫిడవిట్ వేస్తాడు.

తయారీలో ఎదురయ్యే చిక్కుల్లోంచి కూడా పేటెంటుకు తగిన విషయం పుడుతుంది. పాలిప్రొపిలీన్‌ని ఇంజెక్షన్ మోల్డింగ్‌లో 200 డిగ్రీలకు పైగా కరిగించి ఇరుకు గేటు (అచ్చులోకి ప్లాస్టిక్ వెళ్లే ద్వారం) గుండా తోస్తారు. ఆ వేడికీ, రాపిడికీ గుళికల పొరలు పగులుతాయి, పగిలిన గుళికలు రంగు మారే గుణాన్ని పోగొట్టుకుంటాయి. చెంచా గేటు దగ్గర ఒక ఛాయ, కొన దగ్గర ఇంకో ఛాయ వస్తుంది. తప్పు రంగుపొడిదనుకుని శాతం పెంచుతారు, ఖర్చు పెరిగి ప్లాస్టిక్ పెళుసుబారుతుంది తప్ప ఛాయ సమం కాదు. గేటు స్థానం మార్చి, బారెల్‌లో (ప్లాస్టిక్ కరిగే గొట్టంలో) అది ఆగే సమయం తగ్గించి, గుళికలు మిగిలిన శాతాన్ని మైక్రోస్కోపు కింద లెక్కపెట్టి చూపించినవాళ్లు ఒక తయారీ పద్ధతిని క్లెయిము చేయొచ్చు. వస్తువు క్లెయిము పోయినా పద్ధతి క్లెయిము నిలబడే అవకాశం ఉంటుంది. అయితే పోటీదారు తన ఫ్యాక్టరీ లోపల ఏ పద్ధతి వాడాడో పట్టుకోవడం కష్టమన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తప్పంతా దరఖాస్తుదారులదే అనడం లేదు. కొన్ని తిరస్కరణ ఉత్తర్వుల్లో నాలుగు పాత పత్రాల నంబర్లు వేసి ‘వీటిని కలిపితే నిపుణుడికి స్పష్టమే’ అని ఒక్క వాక్యంతో ముగిస్తారు. అది చాలదని ఢిల్లీ హైకోర్టు 2022లో అగ్రిబోర్డ్ కేసులో చెప్పింది. పాత పత్రం ఏం చెప్పింది, ఈ దరఖాస్తు ఏం చెబుతోంది, మొదటిదాని నుంచి రెండోదానికి నిపుణుడు ఎలా వస్తాడు అనే మూడూ ఉత్తర్వులో విడమరిచి రాయాలి. కాబట్టి మొదటి పరీక్షా నివేదికకి జవాబు రాసేవాళ్లు ‘మాది కొత్తది’ అని పదేపదే రాయడం మాని, ప్రతి పాత పత్రంలో ఏ భాగం లేదో, ఆ భాగాన్ని తెచ్చి కలపడానికి నిపుణుడికి ఏ కారణం ఉండదో చూపించాలి. మన చెంచా కేసులో నిపుణుడంటే ప్లాస్టిక్ మోల్డింగ్ తెలిసి, రంగుపొడుల క్యాటలాగు చేతిలో ఉన్న మనిషి. అతనికి ఏది చేయాలని తోస్తుందో, ఏది చేయకూడదని అప్పటి పుస్తకాలు హెచ్చరించాయో చెప్పాలి. జవాబుకి గడువు ఆరు నెలలు, ఫారం 4తో మరో మూడు నెలలు. తిరస్కరిస్తే అప్పీలు హైకోర్టుకి. రెండు తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై పేటెంటు కార్యాలయం పరిధిలోకి వస్తాయి.

అవతలి పక్షం మాట. ప్రచురణ తర్వాత, మంజూరు కాకముందు ఎవరైనా సెక్షన్ 25(1) కింద అభ్యంతరం చెప్పవచ్చు. మంజూరయ్యాక ఏడాది లోపల ఆసక్తి ఉన్న వ్యక్తి సెక్షన్ 25(2) కింద చెప్పాలి. అభ్యంతరాలు ఎక్కువగా ఓడేది సాక్ష్యం దగ్గర. ‘ఈ చెంచా ఎప్పటినుంచో ఆన్‌లైన్లో ఉంది’ అంటే చాలదు. ఆ పేజీ ఫలానా తేదీనాటికే ఉందని ఆర్కైవ్ ప్రతితో, అఫిడవిట్‌తో చూపాలి. అమ్మకపు పేజీలోని ఫొటో చెంచా రంగు మారిందని చెబుతుంది గానీ రంగుపొర లోపల ఉందా, పైన ఉందా చెప్పదు. క్లెయిము ఆ పొర స్థానం గురించి అయితే చెంచాను కొని, అడ్డంగా కోసి, మైక్రోస్కోపు ఫొటో తీసి, అది ఆ తేదీకి ముందే అమ్ముడైందని బిల్లుతో జోడించాలి.

విద్యార్థుల దరఖాస్తులు వాళ్ల చేతులతోనే చెడిపోయే దారి ఒకటుంది. చెంచా చేయగానే సైన్స్ ఎగ్జిబిషన్‌లో పెట్టి, వీడియో తీసి, సామాజిక మాధ్యమాల్లో పెట్టి, ఆ తర్వాత దరఖాస్తు వేస్తారు. వాళ్ల వీడియోనే వాళ్ల నవ్యతను చంపుతుంది. సెక్షన్ 31 ఇచ్చే 12 నెలల వెసులుబాటు ప్రధానంగా కేంద్ర ప్రభుత్వం గుర్తించి ప్రకటించిన ప్రదర్శనలకూ, విద్వత్సభలో చదివిన పత్రాలకూ మాత్రమే. కాలేజీ ఫెస్ట్ అందులోకి రాదు. వ్యక్తులకూ, స్టార్టప్‌లకూ, విద్యాసంస్థలకూ ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు, పరీక్ష కోరే రుసుము 4,000. ప్రదర్శనకి ఒక రోజు ముందు ప్రొవిజనల్ వేసి ఉంచితే సరిపోయేది. విదేశాల్లో ముందు వేయాలనుకుంటే సెక్షన్ 39 కింద పేటెంటు కార్యాలయం ఇచ్చే అనుమతి లేకుండా వేయకూడదు.

చివరిగా, పేటెంటు వచ్చినా అది చెంచా సురక్షితమని చెప్పే పత్రం కాదు. పేటెంటు కార్యాలయం రంగుపొడి ఆహారంలోకి దిగుతుందో లేదో పరీక్షించదు. ఆ పని భారతీయ ప్రమాణం ఐఎస్ 9845 కింద చేసే మైగ్రేషన్ పరీక్షది. వస్తువులోంచి ఆహారంలోకి దిగేది కిలో ఆహారానికి 60 మిల్లీగ్రాములు, లేదా ఉపరితలం చదరపు డెసిమీటరుకి 10 మిల్లీగ్రాములు మించకూడదు. ప్లాస్టిక్‌లో ఏ రంగులు వాడొచ్చో ఐఎస్ 9833 చెబుతుంది. కొన్ని రంగుపొడుల్లో డెవలపర్‌గా బిస్‌ఫినాల్ ఏ ఉంటుంది. ఐరోపా సమాఖ్య 2024 చివర్లో తెచ్చిన నిబంధనతో ఆహారానికి తగిలే వస్తువుల్లో దాన్ని నిషేధించింది. ఎగుమతి ఆలోచన ఉన్నవాళ్లు పొడి కొనేముందే ఈ సంగతి అడగాలి. ‘పేటెంటు పొందిన సురక్షిత చెంచా’ అని వార్తలో రాసినప్పుడు చదివే తల్లి ఆ రెండు మాటలనూ ఒకటే అనుకుంటుంది.

అందువల్ల మీ విలేకరులకి ఒక చిన్న విన్నపం. ఇలాంటి వార్త రాసేటప్పుడు కాగితం మీద దరఖాస్తు సంఖ్య ఉందా, పేటెంటు సంఖ్య ఉందా, డిజైన్ సంఖ్య ఉందా అడిగి, ఉన్నదాన్నే రాయించండి. దరఖాస్తు సంఖ్య అచ్చయితే పేటెంటు కార్యాలయం వారి ఇన్‌పాస్ వెబ్‌సైట్‌లో స్పెసిఫికేషన్ ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ప్రచురణ తర్వాత కనీసం ఆరు నెలల దాకా పేటెంటు మంజూరు కాదు కాబట్టి, అదే చెంచాను అంతకుముందే చేసి అమ్ముతున్న చిన్న తయారీదారుకి వార్త చూసి ఫారం 7ఏ (సెక్షన్ 25(1) కింద అభ్యంతరం చెప్పే ఫారం) వేసుకునే సమయం దొరుకుతుంది.

ఇట్లు,
ఒక పేటెంటు ఏజెంటు,
హైదరాబాద్